పడమటి గోడకు నీళ్ళు

"గోడకి స్నానం చేయిస్తున్నావా, పెద్దమనిషీ?"

సందులో వంగి, ప్రొఫెసరు ఇంటి పడమటి గోడ వెంట బకెట్టుతో నీళ్ళు పోస్తున్న ముసలివాడు తలెత్తాడు.

పదవీ విరమణ చేసి వారమైన ప్రొఫెసరు సాయంత్రం ఇంటిపట్టున ఉండటం అదే మొదలు. ఈ దృశ్యం కంటబడటమూ అదే మొదలు.

"ఏటా వేసవిలో పోస్తానండీ. ఇది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అటుపక్క నీడ, ఇటుపక్క ఎండ. ఇక్కడ నేల ఎండిందంటే గోడ ఇటు దిగిపోతుంది."

"ఏం చదివావు?"

"చదువు లేదండీ."

"మరి ఉపన్యాసం దేనికి? పునాదికి తేమ పడదని పసివాడికి కూడా తెలుసు. నీబోటివాడితో పాఠం చెప్పించుకునే గతి నాకింకా పట్టలేదు."

"కోప్పడకండి బాబుగారూ. ఈ రెండు నెలలూ పోయనివ్వండి. తరవాత వానలొస్తాయి."

ప్రొఫెసరు బకెట్టును కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది.

ముసలివాడు దాన్ని తీసుకుని, గోడవంక ఒకసారి చూసి, వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ గెలుపును ప్రొఫెసరు భార్యకు రెండు పూటలా వినిపించాడు.

"వాడి మొహానికి మట్టిశాస్త్రం ఒకటి!"

నెల తిరిగేసరికి సందులో నేల నెర్రెలిచ్చింది. పడకగది తలుపు బిగుసుకుంది. ఆపైన కిటికీ మూల నుంచి కప్పుదాకా, వేలు దూరేంత పగులు.

ఇంజినీరు గోడ పక్కన తవ్వించి చూశాడు.

"పునాది మూడడుగులే. ఈ నేలకి ఆరైనా ఉండాలి. ఇన్నేళ్ళు బీట పడలేదంటే, ఎవరో ఇటుపక్క తడి ఆరనివ్వలేదు. ఎవరండీ?"

"ఎవడో పిచ్చివాడు."

"ఆ పిచ్చివాణ్ణే పట్టుకోండి. ఎక్కడ ఎన్ని నీళ్ళు పోయాలో అతనికే తెలుసు. ఈ నేల మీద ఒక్కసారిగా వాన పడిందా, గోడ రెండు ముక్కలు."

వీధి కుళాయి దగ్గర వాకబు చేస్తే, మూడు వీధుల అవతల ఒక గది చూపించారు. తలుపు తీసింది నడివయసు స్త్రీ.

"ఇక్కడొక ముసలాడు ఉండాలి. బకెట్టుతో తిరుగుతుంటాడు."

"మా నాన్న. పోయి పదిరోజులైంది." ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది. "సందు పక్క ఇంటాయన మీరేనా?"

"నేనే. అసలతనికి నా ఇంటితో ఏం పని?"

"గుర్తుపట్టలేదా? ఆరడుగులు తవ్వుదామని అడిగి, మీరు కసిరితే నోరు మూసుకుని మూడడుగులకే మీ ఇంటికి పునాది వేసిన మేస్త్రీ ఆయనే. ఆ తప్పు తనదేనని పోయేదాకా అంటూనే ఉన్నాడు."