కత్తిరించిన కొమ్మ

ఆట మొదలైన దగ్గర్నుంచి ఆమె కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది.

గాజుగోడకు ఇవతల కంపెనీ వాళ్లంతా తెర ముందు మూగారు. అవతల, బల్ల దగ్గర, తల నెరిసిన ఒకప్పటి చాంపియన్ ఒంటరిగా కూర్చుంది. ఆవిడ పోటీ వీళ్లు తయారుచేసిన చదరంగం ప్రోగ్రాముతో. చాలా ఏళ్లకు మళ్లీ ఆడుతోంది. ఓడిపోతే ఇక పావు ముట్టనని విలేకరుల ముందే చెప్పేసింది.

"మనదే పైచేయి. ముసలావిడ పని అయిపోయినట్టే" అన్నాడు మేనేజరు.

ఆమె గోళ్లు కొరుక్కుంది.

ప్రోగ్రాములో ప్రూనింగ్ రాసింది ఆమే. వచ్చే ఎత్తులన్నీ చూస్తూ పోతే కోట్లు దాటతాయి, ఎంత యంత్రమైనా చతికిలబడుతుంది. అందుకే పనికిరావనిపించిన దారుల్ని, చెట్టుకు కొమ్మలు కొట్టినట్టు, మొదట్లోనే కొట్టేయాలి.

పక్కసీటు సహోద్యోగి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఏనుగును ఊరికే ఇచ్చేసే ఎత్తుల్ని ఇది చూడటమే లేదు. ఎవరిస్తార్లే అని వదిలేస్తోంది."

"నిజంగానా? ఒక్కటి కూడా చూడట్లేదా?"

"ఒక్కటీ చూడట్లేదు. కత్తిరించమంటే గుండు కొట్టేశావు!"

"వేగం వేగం అని ప్రాణాలు తోడింది సారే కదా."

"పోనీ, ఆపి సరిచేద్దామా?"

"ఆట మధ్యలో ముట్టుకోకూడదు" అంది గబుక్కున.

అప్పుడే ఆవిడ తలెత్తి గాజుగోడ వైపు చూసింది. ఈమె చటుక్కున చూపు తిప్పుకుంది.

ఆవిడ చెయ్యి బంటు మీదికి వెళ్లింది. ఈమె గాజుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. చెయ్యి అక్కడే ఆగింది, వెనక్కి వచ్చింది. కాసేపు గడ్డం కింద ఆనుకుంది. తర్వాత ఏనుగును అందుకుని తీసుకెళ్లి నల్లపావుల మధ్య పెట్టింది.

"మతిపోయిందా ఏంటి!" మేనేజరు పకపకా నవ్వాడు.

ప్రోగ్రాము ఏనుగును గుటుక్కున మింగేసింది. రెండు ఎత్తులయ్యాక తెర మీద గెలుపు అవకాశం చూపే అంకె ఒక్కసారిగా పాతాళానికి జారింది. నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు. చెక్ పడ్డ నల్లరాజుకు కదలడానికి గడి మిగల్లేదు.

మేనేజరు తల పట్టుకున్నాడు. "అంత పెద్ద ఎత్తు దీనికెలా కనపడలేదయ్యా?"

సహోద్యోగి ఆమె వైపు చూశాడు.

ఆమె మెల్లగా గది దాటింది. వాష్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఇంటికి ఫోన్ కలిపింది.

"నాన్నా, అమ్మ గెలిచింది!"