ఒక్క పేరు కావాలి

శనివారం ఉదయం పదకొండు గంటలకు యూనివర్సిటీ సెమినార్ హాల్లో చర్చ మొదలైంది. తార్నాకలో తొమ్మిది అంతస్తులు కడతానన్న బిల్డర్ ఒక స్లాబు వేసి మాయమయ్యాడు. కొన్నవాళ్లు ఉన్న ఇంటికి అద్దె, లేని ఇంటికి బ్యాంకు వాయిదా కడుతున్నారు. తప్పెవరిదో తేల్చడానికి ముగ్గురు వేదిక ఎక్కారు. తేల్చకముందే ముగ్గురికీ శాలువాలు కప్పారు.

సభకు ముప్పై కుటుంబాలు వచ్చాయి. అందరినీ ఫోన్ చేసి పిలిచింది కొనుగోలుదారుల సంఘం కార్యదర్శి వాసంతి. లాలాపేట్‌లో అద్దెకుంటుంది.

"కంపెనీ మూసేసిండ్రు సార్. మిమ్మల్ని నమ్మించిన మనిషెవరో పేరు రాసియ్యమంటున్నరు పోలీస్ స్టేషన్ల," అంది వాసంతి. "ఇయ్యాల ఆ పేరు తేలాలె. నెలాఖరుకు మా ఓనర్ ఖాళీ చెయ్యమన్నడు. నేనెక్కడికి పోవాలె?"

హాలంతా చప్పట్లు.

బిల్డర్ల సంఘం నాయకుడు వెంకటస్వామి మైకు అందుకున్నారు. "అడగంగనే లోన్లు ఎవరియ్యమన్నరు? తప్పు బ్యాంకులది."

"మీరు ఆకాశం చూపించి అమ్ముకుంటే మాదా తప్పు?" అన్నారు బ్యాంకు మేనేజర్ శివకుమార్.

అర్థశాస్త్రం ప్రొఫెసర్ ఆదినారాయణ ఇద్దరిదీ కాదన్నారు. అంతర్జాతీయ ద్రవ్య చలామణి కారణమన్నారు.

"దాని పేరు రాసిస్తే అరెస్టు చేస్తరా సార్?" అంది వాసంతి.

ప్రొఫెసర్ మంచినీళ్లు తాగారు.

వెనక వరుసలోంచి అనూష అనే పరిశోధక విద్యార్థిని లేచింది. కర్నూలు అమ్మాయి. "అసలు మీకు ఫ్లాటు కొనమని ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పలేదమ్మా," అంది అడిక్‌మెట్ నుంచి వచ్చిన స్వరూప. "గృహప్రవేశానికి పోయినం."

"కట్టని ఇంట్లోనా?"

"ముహూర్తం దాటితే మూఢం వస్తదన్నరు. స్లాబు మీదనే పొయ్యి పెట్టి పాలు పొంగిచ్చిండ్రు. గోడలు లేకుండె. ముగ్గులైతే ఉండె."

"తూర్పుకు పొంగినయి," అన్నాడు ప్రేమ్ కుమార్. "కండ్లార చూసినం. ఇంకేం చూడాలె? అక్కడ్నే బుక్ చేసిన."

"మేం చర్చికి పోయేటోళ్లం," అన్నాడు సామేలు. "పాలు పొంగినయంటే మేం గూడ నమ్మినం. బగారన్నం మంచిగుండె."

"భోజనాలు ఎవరు పెట్టినారు?"

"కంపెనీయే పెట్టింది."

"మరి గృహప్రవేశం ఎవరిది?"

స్వరూప కొంగు సర్దుకుంది. సామేలు ఫ్యాను వైపు చూశాడు. ప్రేమ్ కుమార్‌కు ఫోన్ వచ్చినట్టుంది, బయటికి వెళ్లాడు.

"పన్నెండున్నర అయితున్నది సార్," అంది వాసంతి. "బిల్డరా, బ్యాంకా? ఒక్క పేరు చెప్పుండ్రి."

వెంకటస్వామి మళ్లీ బ్యాంకు అన్నారు. శివకుమార్ మళ్లీ బిల్డర్ అన్నారు. హాలు ఊపిరి పీల్చుకుని ఇద్దరికీ చప్పట్లు కొట్టింది. చర్చ మరో గంట నడిచింది. పేరు తేలలేదు.

ఆ రోజు స్లాబు మీద పాలు పొంగించి, ఈ ముప్పై కుటుంబాలనూ ఫోన్ చేసి భోజనానికి పిలిచింది కూడా వాసంతే.