గుమ్మం మీది మూడు పేర్లు

ఇంటికి కొత్త పేర్ల బోర్డు చెయ్యమని అత్త అడిగితే కోడలు సంబరపడింది. పెళ్ళయిన మూడేళ్ళలో తన కటింగ్ మెషీనుతో ఎన్ని గుమ్మాలకో బోర్డులు చేసిచ్చింది గానీ, సొంత ఇంట్లో ఎవరూ అడగలేదు.

"పైన మీ మామయ్య పేరు, దాని కింద నాది, ఆ కింద మీ ఆయనది" అని చెప్పి అత్త ఊరుకుంది.

నాలుగో పేరు వస్తుందేమోనని కోడలు కాసేపు చూసింది. రాలేదు. మెషీను ఆన్ చేసింది. బ్లేడు స్టిక్కరు షీటు మీద మూడు పేర్లూ కోసింది.

పోయిన వారమే పక్క ఊరి బోర్డుల కంపెనీ ఆమెను ఉద్యోగానికి పిలిచింది. "ఇల్లొదిలి ఎక్కడికి పోతావు?" అని భర్త ఆ మాట అక్కడే తెంచేశాడు. తీరా చూస్తే ఆ ఇంట్లోనూ తనకు చోటు లేదు.

అక్షరాల చుట్టూ మిగిలిన స్టిక్కరును పట్టకారుతో పీకుతూ ఆగింది. "నేను ఈ ఇంటి మనిషిని కానా అత్తయ్యా?"

అత్త తలుపు దగ్గరగా వేసి వచ్చి పక్కన కూర్చుంది.

"నా పేరు ఆ గుమ్మానికి ఎక్కిన రోజు నేనూ మురిసిపోయానమ్మా. పోస్టాఫీసు ఉద్యోగానికి రమ్మన్న కాగితం అప్పుడు నా పెట్టెలోనే ఉంది. ముప్ఫై ఏళ్ళయింది, ఇక్కడే ఉండిపోయాను."

కోడలు తలెత్తి చూసింది.

"మెషీను సర్దుకో. సాయంత్రం మావాడొచ్చి బోర్డు మీద నీ పేరేదని అడిగితే, ఉద్యోగానికి వెళ్ళిందని నేనే చెప్తాను."