తాళం తప్పే గుండె

ఆ కాలానికి బిడ్డ పుట్టగానే, గుండె తాళం తప్పకుండా మెంతిగింజంత యంత్రం సూదితో లోపల పెట్టేసేవారు; పెద్దవాళ్లూ పెట్టించేసుకున్నారు. తాళం తప్పే గుండె జిల్లా మొత్తానికి ఒక్కటే మిగిలింది, అది కల్లుగీత అప్పన్నది. తాటిచెట్టు కొసకెక్కి కాకులతో కబుర్లాడి దిగే మనిషి, సూది చూస్తే మంచం కింద దూరేవాడు మరి! గుండె లయల మీద పైచదువు చదివేవాళ్ల పరీక్షకి ఏటా కాలేజీవాళ్లు ఆయన్ని పెళ్లికొడుకులా కారులో తెచ్చేవారు.

ఈ ఏడు వంతు కోమలిది. వేళ్లతో నాడి పట్టి జబ్బు పేరు చెప్పాలి. చెప్పలేకపోతే మూడేళ్ల చదువు గంగపాలే.

"ఏటి డాక్టరమ్మా, నా గుండికాయ నీతో మాటాడట్నేదా?" అన్నాడు అప్పన్న.

"మాట్లాడుతోంది తాతా, నువ్వే అడ్డొస్తున్నావు."

సంతలో జనంలా నాడి దెబ్బలు తోసుకుంటూ వస్తున్నాయి. గుండె పైగదులు వణుకుతున్నాయని కోమలికి తెలిసిపోయింది. జవాబు చెప్పబోతుండగా నాడి ఆగింది. అప్పన్న కళ్లు తేలేశాడు. ఆమె అయిదు లెక్కపెట్టాక మళ్లీ కొట్టుకుంది.

"సార్, పరీక్ష ఆపండి. ఈయనకి ఇప్పుడే యంత్రం పెట్టాలి."

పరీక్ష పెడుతున్న ప్రొఫెసర్ రత్నాకర్ గతుక్కుమన్నాడు. "పెడితే ఈ గుండె కూడా సరిగ్గానే కొట్టుకుంటుంది. రేపటి పిల్లలు ఎవర్ని చూసి నేర్చుకోవాలమ్మా?"

కోమలి బల్ల మీద వేళ్లతో దరువేసింది. గబగబా మూడు, ఆగి ఒకటి, తడబడుతూ రెండు.

"నన్ను చూసి, సార్."

తేరుకున్న అప్పన్న చెవి రిక్కించి విన్నాడు. "అచ్చం నాదేనండి," అంటూ చొక్కా గుండీలు విప్పాడు.