గుమ్మంలో దగ్గు

ఆ హైస్కూల్లో చేరి ఆరేళ్లయినా ఆవిడ అందరికీ ఇంకా కొత్త టీచరే. ఆ రోజు పాత విద్యార్థుల సభలో పొద్దుటినుంచీ ఒకటే పాట: పోయిన పెద్ద మేడం గుమ్మంలో నిలబడి చిన్నగా దగ్గితే చాలు, క్లాసంతా బుద్ధిగా కూర్చునేదట. అందరితో పాటు చప్పట్లు కొడుతూనే ఉంది గాని, కొత్త టీచరుకు కడుపు రగిలిపోయింది.

చీకటిపడ్డాక గదులకు తాళాలు వేస్తూ వాచ్‌మన్ కూడా అదే అందుకున్నాడు.

"పెద్ద మేడమైతే ప్రతి గదీ స్వయంగా చూసుకునేవారమ్మా."

"తాళాలు ఇలా ఇవ్వు. నేనే చూస్తాను."

బతికుండగా ఏలింది చాలక చచ్చి సాధిస్తోంది, అని గొణుక్కుంటూ మేడెక్కింది.

చివరిది పదో తరగతి గది. లోపల అడుగుపెట్టగానే బెంచీలన్నీ కిర్రుమన్నాయి, టీచరు రాగానే పిల్లలంతా లేచి నిలబడినట్టు. లైటు వేసింది. ఎవరూ లేరు.

అలవాటు కొద్దీ, "కూర్చోండి," అంది.

చప్పుడు లేదు. గొంతు పెంచి మళ్లీ అంది. ఒక్క బెంచీ కదల్లేదు. భయం కంటే ముందు ఆవిడకు ఉక్రోషం ముంచుకొచ్చింది.

"నా మాటంటే లెక్కలేదా మీకు? కూర్చోమన్నానా!"

వెనక, గుమ్మంలో, ఎవరో చిన్నగా దగ్గారు.

బెంచీలన్నీ ఒక్కసారిగా కిర్రుమని సర్దుకున్నాయి.

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"నువ్వూ కూర్చో తల్లీ," అంది ఒక గొంతు, ఎంతో ఆప్యాయంగా.

ముందు బెంచీలో ఎవరో జరిగి చోటిచ్చిన చప్పుడైంది. ఆవిడ మోకాళ్లు అప్పటికే వంగుతున్నాయి.