దీనమ్మ కంజిర

రూతమ్మ సంచిలో పెట్టిన రెండు చీరలూ మళ్లీ బయటికి తీసేసింది. ఆమెను గుండె ఆపరేషన్‌కి విజయనగరం తీసుకెళ్లే బస్సు ఇంకో గంటలో వస్తుంది.

"నానెల్లనే ఝాన్సీ. సంచి సర్దుకుని ఎల్లినోలు మా ఇంట్లో ఎవులూ తిరిగి రానేదు."

ఝాన్సీ, పోయిన అక్క దీనమ్మ కూతురు. చీరలు తిరిగి లోపల పెట్టి, వాటి మీద తల్లి చర్చిలో వాయించిన కంజిర ఉంచింది.

"ఏటే ఇది! మీ అమ్మ ఆస్పత్రికి అట్టుకెల్లింది ఇదే కదా? తీసీ!" రూతమ్మ సంచిని దూరంగా తోసింది. "దానికి బయమంటే ఏటో తెల్దు. ఆదివారమొస్తే నవ్వుతా ఆడించీది. నాను దీనమ్మని కాదు."

"అమ్మ ఏనాడైనా దరువేసిందేటి పిన్నీ?"

నిజమే. దీనమ్మ వేళ్లతో కొట్టేది కాదు. ఊరికే పట్టుకునేది, దాని అంచు బిళ్లలు మోగేవి. సంఘమంతా అది ఆనందమనుకునేది.

"నాన్న సంద్రం మీద యాటకెల్లి రాని కాడ్నుంచీ అమ్మకి సేతులొణుకు. 'ఎలాగూ ఒణుకుతన్నాయి, పాటకైనా పనికొస్తాయి' అనీసి ఇది అట్టుకున్నాది. ఆస్పత్రి గుమ్మంలో కూడా మోగింది."

"మరా నవ్వు? అదీ దొంగదేనా?"

"సీ, కాదు పిన్నీ. బయమూ నవ్వూ, రెండూ ఉండీవి."

రూతమ్మ కంజిర అందుకుంది. కొట్టకుండానే అది గలగలమంది. దాన్ని చీరల మధ్య పెట్టి జిప్పు లాగింది. సంచి ఎత్తితే లోపల మోగుతూనే ఉంది.

అప్పట్లో దీనమ్మ కూడా దీన్ని ఇలాగే మోగిస్తూ, మట్టలాదివారం పండగకి ముందు శుక్రవారం ఆస్పత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు.