మూలుగు

"రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" కోయిలకుంట్ల క్లినిక్‌లో డాక్టరమ్మ అడిగింది.

"బాగనే నిద్రపోతాండా తల్లీ," అంది మహాదేవి. ఆరేళ్ల కీళ్లవాతంతో ఆమె వేళ్లన్నీ వంకర్లు తిరిగిపోయాయి.

"అబద్దం మేడం," అన్నాడు పక్కనున్న భర్త ఓబులేష్. "తెల్లారేదాకా మూలుగుతానే ఉంటాది."

మహాదేవి విస్తుపోయి అతని వైపు తిరిగింది. "నీకెట్ల తెలుసు? నువ్వు గురక పెట్టి నిద్రపోతావు గదా!"

ఓబులేష్ తల దించుకున్నాడు. "నేను మేల్కొనుండానని తెలిస్తే నువ్వు నోట్లో కొంగు కుక్కుకుంటావు. అందుకే ఊరికే గురక పెడతాండా."

"ఎన్నాళ్లనుంచి?"

"మూడేండ్లాయ."

డాక్టరమ్మ మాత్రలు మార్చి రాసింది. "వీటితో నొప్పి కొంచెం తగ్గొచ్చు. పూర్తిగా పోయే జబ్బు కాదమ్మా. నిద్ర సంగతి నేనూ చెప్పలేను."

ఇద్దరూ బస్టాండుకు వచ్చారు. బస్సెక్కించడానికి ఓబులేష్ ఆమె మోచేయి పట్టుకున్నాడు. మహాదేవి కదలలేదు.

"నువ్వన్నా నిద్రపోతాండావని ఇన్నాళ్లూ నిబ్బరంగా ఉంటి," అంది. "ఇప్పుడు అదీ పాయ. ఇంక నేనెట్ల మూలగాల?"